ఆరేళ్లు షెడ్డులో నిలిచిపోయిన మారుతి 800ను ఇంటి దగ్గరే రోడ్డెక్కించడం ఎలా

ఒంగోలు దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న కొత్తపట్నంలో మా మామయ్య ఇంటి వెనక రేకుల షెడ్డులో 1998 మోడల్ మారుతి 800 ఒకటి ఆరేళ్లు కదలకుండా ఉండిపోయింది. ఆయన పోయాక అత్తయ్య "పాతసామాన్లవాడికి ఇవ్వడానికి నాకు మనసొప్పడం లేదురా, నువ్వే తీసుకెళ్లు" అంది. తీసుకెళ్లే ముందు ఆ ఇంటి వాకిట్లోనే ఏడు నెలలు, శని ఆదివారాలు కూర్చుని దాన్ని బాగుచేశాను.

మొదటి రోజే పెద్ద తప్పు చేశాను. కొత్త బ్యాటరీ పెట్టి, ప్లగ్గులు తుడిచి, పెట్రోలు పోసి సెల్ఫ్ కొట్టాను. నాలుగోసారికి ఇంజిన్ అందుకుంది. ఆ సంతోషంలో గేరు వేసి కారును షెడ్డులోంచి బయటికి తెచ్చాను. గేటు దగ్గర బ్రేకు తొక్కితే పెడల్ నేలకు తగిలింది, కారు మాత్రం ఆగలేదు. పక్కనున్న గోడకు తగిలి ఆగింది. ఐదు నిమిషాల ముందు అదే గోడ పక్కన అత్తయ్య కూర్చుని చేపలు కడుగుతోంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే ఇక్కడ చెప్పే వరస, మామూలుగా అందరూ చేసే వరస కాదు. ముందు కాగితాలు, తర్వాత అడుగు రేకు, తర్వాత బ్రేకులు, టైర్లు. ఇవన్నీ అయ్యాకే ఇంజిన్. నేను మారుతి 800 గురించి రాస్తున్నాను గానీ జెన్, శాంత్రో, పాత ఆల్టో ఏదైనా ఇదే వరస. 800 అయితే ఒక సుఖం ఉంది. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరి దాకా తయారైన బండి కాబట్టి సామాను ఇప్పటికీ దొరుకుతుంది, 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ చుట్టూ చెయ్యి పెట్టడానికి చోటూ ఉంటుంది.

పానా పట్టకముందు ఆర్‌సీ

కారు ఇంట్లోదే అయినా, కొంటున్నదైనా, ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందు ఆర్‌సీ, అంటే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, చూడండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత ఐదేసి ఏళ్లకు రెన్యూవల్ చేయించుకోవాలి. దరఖాస్తు ఫారం 25. రెన్యూవల్ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు చేసింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేసింది. గ్రీన్ టాక్స్, ఆలస్యానికి వేసే రుసుము వేరు. ఈ లెక్క ముందే వేసుకోండి.

ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు కార్లను తిరగనివ్వరన్న వార్త విని, ఇక్కడా అంతేననుకుని మంచి బండ్లను తూకానికి వేసేసినవాళ్లను చూశాను. ఆ నిషేధం ఢిల్లీకి, దాని చుట్టుపక్కల ప్రాంతానికి సంబంధించింది. మన దగ్గర కారును తనిఖీకి చూపించి నెగ్గితే ఐదేళ్లు పొడిగిస్తారు.

యజమాని చనిపోయి ఉంటే వారసుల పేరుకు మార్చుకోవడానికి ఫారం 31. ఎప్పుడో తీరిపోయిన లోను తాలూకు బ్యాంకు పేరు ఆర్‌సీలో అలాగే ఉంటే ఫారం 35, బాకీ లేదని బ్యాంకు ఇచ్చే పత్రం (ఎన్‌ఓసీ) కావాలి. మాకు ఈ రెండూ అవసరమయ్యాయి, మొత్తం పనిలో ఎక్కువ కాలం పట్టింది వీటికే. కాబట్టి కాగితాలు ఒకపక్క తిరుగుతుండగా ఇంకోపక్క కారు పని మొదలుపెట్టండి.

ఛాసిస్ నంబరు కూడా ఇప్పుడే చూసుకోవాలి. కిరోసిన్ గుడ్డతో తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయండి. అంకెలన్నీ స్పష్టంగా పడి, ఆర్‌సీతో కలవాలి.

అడుగు రేకు: ఇక్కడ తొందరపడొద్దు

మన తీరంలో కారు ఆయుష్షు రేకును బట్టే ఉంటుంది. ఇంజిన్ పోతే ఇంకో ఇంజిన్ దొరుకుతుంది. మైపాడు, ఇస్కపల్లి, రామాయపట్నం, కొత్తపట్నం లాంటి చోట్ల ఉప్పుగాలిలో నిలబడ్డ కారునూ, పొదిలి, కనిగిరి, ఉదయగిరి వైపు తిరిగిన అదే వయసు కారునూ పక్కపక్కన పెట్టి అడుగు చూడండి, పోలికే ఉండదు. కొత్తగా కొనేవాళ్లకు నా సలహా ఒకటే. రంగు వెలిసిపోయినా ఫరవాలేదు, మెట్ట ప్రాంతం కారు కొనండి. సముద్రం ఒడ్డున ఉన్న మెరిసే కారు వద్దు.

ఇంకో జాగ్రత్త వరద కార్ల గురించి. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు, కోవూరు చుట్టుపక్కల ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. అలా మునిగిన కారును పైపైన కడిగితే కనపడదు. సీటుబెల్టును చివరిదాకా లాగండి, లోపలి అడుగున మట్టిగీత ఉంటే మునిగిన కారే. సీటు కింది పట్టాల్లో, డాష్‌బోర్డు వెనక వైర్ల కట్టల్లో ఒండ్రు పొడి దొరుకుతుంది. అలాంటిది వైరింగుతో ఏళ్ల తరబడి ఏడిపిస్తుంది, వదిలేయండి.

పరీక్ష ఇలా చేయాలి. సీట్లు, కార్పెట్లు పూర్తిగా తీసేయండి. లావుపాటి స్క్రూడ్రైవర్ పిడితో రేకంతా అంగుళం అంగుళం తట్టుకుంటూ రండి. గట్టి రేకు "టంగ్" మంటుంది. తుప్పు తిన్న రేకు "డప్" మంటుంది, పెచ్చులు రాలుతాయి. గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని డోర్ల అంచుల మీద, చక్రాల పైన ఉండే అర్ధచంద్రం రేకు మీద జరపండి. అంటుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది. ముఖ్యంగా చూడాల్సినవి బ్యాటరీ కింద పళ్లెం, డ్రైవరు కాళ్ల దగ్గర, డోరు కింద పొడుగ్గా పోయే పెట్టె భాగం, జాకీ పెట్టే చోట్లు, స్టెప్నీ గుంట.

బోనెట్ లోపల ముందు షాకబ్జర్ పైన బిగించే గుండ్రటి చోటు, వెనక ఇరుసు బాడీకి తగులుకునే చోటు, ఈ రెండింటిలో స్క్రూడ్రైవర్ మొన లోపలికి దిగిపోతే పని అక్కడితో ఆపేయమంటాను. అవి కారు బరువంతా మోసే చోట్లు. బాగుచేయలేమని కాదు. జిగ్ (బాడీని కదలకుండా బిగించి పట్టే చట్రం) మీద పెట్టి కొలతలతో చేయాల్సిన పని అది, ఇంటి వాకిట్లో చేసేది కాదు.

మా కారుకు డ్రైవరు కాళ్ల దగ్గర రెండు అరచేతులంత రంధ్రం పడింది. కార్పెట్ ఎత్తితే కింద ఇసుక కనిపించింది. ఇలాంటి చోట తుప్పు రేకును వెలుతురు కనపడే దాకా కాదు, మెరిసే గట్టి రేకు తగిలే దాకా కోసేయాలి. పైనుంచి కొత్త ముక్క అతికిస్తే కింద పాత తుప్పు తింటూనే పోతుంది. అతుకు వెల్డింగుకు సీఓటూ మిషన్ ఉన్న టింకరింగ్ మేస్త్రిని పిలిపించండి. గ్యాస్ వెల్డింగ్ వేడికి పల్చటి రేకు వంకర్లు పోతుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ వైర్లు విప్పాలి, లోపలి ఫోము, కార్పెట్ తీసేయాలి. పెట్రోలు ట్యాంకు దగ్గరైతే ట్యాంకు దించి దూరంగా పెట్టాకే. ఖాళీ ట్యాంకే కదా అనుకోవద్దు. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదం.

రంధ్రం పడని తుప్పును మనమే చేసుకోవచ్చు. వైరు బ్రష్షు, తర్వాత ఉప్పుకాగితం, తర్వాత ఫాస్ఫారిక్ ఆమ్లం ఉండే రస్ట్ కన్వర్టర్. అది నల్లబడి పూర్తిగా ఆరాక ప్రైమర్, అతుకుల వెంట సీలెంట్, దానిపై పెయింటు, చివర అండర్‌కోటింగ్. ప్రైమర్ వేసి వారాల తరబడి వదిలేయకూడదు, అది తేమను పీల్చుకుంటుంది. ఈ పనిని ఫిబ్రవరి నుంచి మే లోపల పూర్తి చేసుకోండి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం. అప్పుడు వేసిన పూత కింద తేమ చిక్కుకుపోతుంది.

మొదలుపెట్టే ముందు అడుగును మంచినీళ్లతో రెండుసార్లు కడిగి ఆరబెట్టండి. బోరు నీళ్లు వద్దు. తీరగ్రామాల్లో చాలా బోర్లు ఉప్పునీళ్లే, వాటితో కడిగితే ఉప్పు కడిగి ఉప్పు పూసినట్టే. చివరిగా డోర్ల కింద, పెట్టె భాగాల కింద ఉండే చిన్న చిన్న బెజ్జాలను సన్న తీగతో పొడిచి తెరవండి. అండర్‌కోటింగ్ వేసేటప్పుడు అవి మూసుకుపోతాయి, మూసుకుపోతే వాన నీళ్లు లోపలే నిలుస్తాయి. నేను మొదటిసారి వేసినప్పుడు రెండు బెజ్జాలు మూసేశాను. ఒక వానకు ఎడమ డోరులో నీళ్లు గలగలమన్నప్పుడు గానీ తెలియలేదు.

కారును ఎత్తి నిలబెట్టడం

జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. ఇనప స్టాండ్లు నాలుగు కొనండి. మన దగ్గర, ముఖ్యంగా చీమకుర్తి చుట్టుపక్కల, గ్రానైట్ ముక్కలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి గనక వాటినే పెట్టేస్తారు. రాయి నున్నగా జారుతుంది, ఇటుక చెప్పాపెట్టకుండా పగులుతుంది. ఇసుక నేల అయితే స్టాండు కింద మందపాటి చెక్క వేయాలి. ఎత్తాక కారును రెండు చేతులతో గట్టిగా ఊపండి, కదలకపోతేనే కిందికి దూరండి. మీరు కింద ఉన్నంతసేపు ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి.

బ్రేకులు

నా కారు ఎందుకు ఆగలేదో డ్రమ్ము విప్పాక తెలిసింది. వెనక చక్రాల దగ్గర బ్రేకు షూలను తోసే వీల్ సిలిండర్లలోని రబ్బరు వాషర్లు ఆరేళ్లలో గట్టిపడి పగిలాయి. బ్రేక్ ఆయిల్ కారి షూల మీద నల్లటి జిగురులా పేరుకుంది. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. ఆ తేమే లోపలి నుంచి సిలిండర్లను, ఇనప గొట్టాలను తినేస్తుంది. ఏళ్ల తరబడి నిలిచిన కారులో బ్రేకులను పరీక్షించి బాగున్నాయి అనుకోవడం కాదు, రబ్బరున్న ప్రతి భాగం మార్చాలి. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను తోసేది), వీల్ సిలిండర్లు, ముందు చక్రాల క్యాలిపర్ల సీళ్లు, రబ్బరు గొట్టాలన్నీ. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు. సీట్ కవర్లు తర్వాతైనా వేసుకోవచ్చు.

డ్రమ్ము రాకపోతే హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించి, అంచుల చుట్టూ చెక్క సుత్తితో తడుతూ లాగండి. లోపలి దుమ్మును ఊదొద్దు, పాత షూలలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడిగుడ్డతో తుడవండి. రబ్బరు భాగాలను పెట్రోలుతో, ఇంజిన్ ఆయిల్‌తో ముట్టుకోవద్దు, ఉబ్బిపోతాయి. కడగడానికి కొత్త బ్రేక్ ఆయిలే వాడాలి. ఆ ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లు పోయండి, లేకపోతే రంగు ఊడుతుంది. ఇనప గొట్టాలను వేలితో తడిమి చూడండి, గరుగ్గా పెచ్చులు తగిలితే మార్చేయండి.

అన్నీ బిగించాక బ్రేక్ గొట్టాల్లో చేరిన గాలి తీయాలి. ఇద్దరు మనుషుల పని ఇది. కారుపై రాసిన రకం బ్రేక్ ఆయిలే, డాట్ 3 లేదా డాట్ 4, కొత్త సీసా విప్పి పోయండి. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. చక్రం వెనక గాలి వదలడానికి ఉండే చిన్న మర, అదే నిపిల్, దానికి తేటగా కనిపించే సన్నటి గొట్టం తగిలించి, రెండో కొసను కొంచెం బ్రేక్ ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. మా బావమరిది లోపల కూర్చున్నాడు, నేను వెనక చక్రం దగ్గర పడుకున్నాను.

"తొక్కు."

"తొక్కాను బావా."

"వదలొద్దు. అలాగే పట్టుకో."

నిపిల్ పావు తిప్పు వదులు చేస్తే సీసాలో బుడగలు, వాటి వెనకే తుప్పురంగు ఆయిల్. పెడల్ కిందికి జారుతుంది. అది పూర్తిగా అడుక్కి చేరకముందే నిపిల్ బిగించాలి, బిగించాకే "వదులు" అనాలి. ఒకసారి నేను చెప్పకముందే వాడు కాలు తీసేశాడు, గాలి మళ్లీ లోపలికి పోయింది. ఆ చక్రం మొదటి నుంచి చేశాం. బుడగ ఒక్కటీ రాకుండా, తేనెరంగు ఆయిల్ వచ్చే దాకా ప్రతి చక్రానికీ ఇలాగే. మధ్యలో పైన బ్రేక్ ఆయిల్ డబ్బా ఎప్పుడూ ఎండిపోకూడదు.

పరీక్ష: పెడల్‌ను ఒక నిమిషం పాటు గట్టిగా తొక్కి ఉంచండి. కొంచెం కొంచెంగా కిందికి దిగితే ఎక్కడో కారుతోంది. స్పాంజిలా ఉంటే ఇంకా గాలి ఉంది. రాయిలా నిలిస్తే మీ బ్రేకులు సిద్ధం.

టైర్లు

గీతలు ఎంత లోతున్నాయని కాదు, పుట్టిన తేదీ చూడండి. పక్కన కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2316 అంటే 2016లో 23వ వారం. ఆరేడేళ్లు దాటి, పక్కలు వంచితే సన్నటి పగుళ్లు కనిపిస్తే నాలుగూ మార్చండి. మనది 16వ నంబరు జాతీయ రహదారి పక్క బతుకు, మండే ఎండలో వేడెక్కిన పాత టైరు ఆ రోడ్డు మీద పేలితే చిన్న కారు నిలవదు. 800కు వచ్చే సైజు 145/70 ఆర్ 12. స్టెప్నీని మర్చిపోవద్దు.

పెట్రోలు దారి

పాత పెట్రోలు వార్నిష్ వాసన వేస్తుంది. ఆరుబయట, బీడీ సిగరెట్లకు దూరంగా, పక్కన బకెట్ ఇసుక పెట్టుకుని ట్యాంకు మొత్తం ఖాళీ చేయండి. ట్యాంకు దించి లోపల టార్చి వేసి చూస్తే తుప్పు ఎంతుందో తెలుస్తుంది. బాగా పట్టి ఉంటే ట్యాంకే మార్చడం మేలు, ఎంత కడిగినా ఆ పొడి ఫిల్టరును, కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) లోని సన్న బెజ్జాల జెట్‌లను మూస్తూనే ఉంటుంది.

ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు. 1998లో పెట్టిన రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం, కార్బొరేటర్ వాషర్లు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. మెత్తబడి కారుతాయి, కారిన పెట్రోలు వేడి ఇంజిన్ మీద పడితే మంటే. కాబట్టి పెట్రోలు గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకం వేయించండి, క్లిప్పులతో సహా. ఇథనాల్ తేమను కూడా లాగుతుంది గనక కారును నెలల తరబడి అదే పెట్రోలుతో నిలపకండి.

కార్బొరేటర్ విప్పేటప్పుడు ప్రతి దశకు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. జెట్‌లలో తీగ దూర్చకండి, బెజ్జం వెడల్పయితే ఆ తర్వాత ఏ సెట్టింగుకూ కుదరదు. క్లీనర్ కొట్టి గాలి పట్టించడమే.

ఇంజిన్‌ను నిద్ర లేపడం

బోనెట్ కింద, సీటు కింద ముందు కర్రతో కదిపి చూడండి. షెడ్డు కారులో పాములు చేరడం మన దగ్గర వింత కాదు. ఎయిర్ ఫిల్టరులో ఎలుక గూళ్లు, సైలెన్సర్ గొట్టంలో కందిరీగల మట్టిగూళ్లు ఉంటాయి. ఎలుకలు కొరికిన వైర్లు వెతకండి.

మూడు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి రాత్రంతా ఉంచండి. తెల్లారి క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి చేత్తో తిప్పండి. తిరగకపోతే మళ్లీ ఆయిల్ పోసి ఇంకో రోజు ఆగండి, సెల్ఫ్ కొట్టి బలవంతం చేయొద్దు. టైమింగ్ బెల్టు చూపుకు బాగున్నా మార్చండి, రబ్బరుకు వయసే శత్రువు. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు మార్చి, ప్లగ్గులు లేకుండానే ఆయిల్ లైటు ఆరే దాకా సెల్ఫ్ తిప్పండి. అప్పుడు ప్లగ్గులు పెట్టండి. ప్లగ్గులకు నిప్పు అందే వరస 1-3-2, వైర్లు ఆ వరసలోనే తగిలించండి.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయొద్దు. తీరంలో ఉప్పు, కనిగిరి వైపు గట్టినీళ్లు, రెండూ లోపల పొరలు కడతాయి. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయండి. గొట్టాలు నొక్కితే కరకరమంటే మార్చండి.

స్టార్టయ్యాక ఇరవై నిమిషాలు నిలబెట్టి ఉంచండి. రేడియేటర్ ఫ్యాను తనంతట తాను తిరగాలి, కింద ఎక్కడా చుక్క కారకూడదు. చాలామంది కారు అందుకోగానే ఆపేసి పండగ చేసుకుంటారు, తేడా బయటపడేది వేడెక్కాకే.

మిగిలినవి

చక్రాన్ని గాల్లో ఉంచి పైకీ కిందికీ పట్టుకుని ఊపండి, ఆడితే బేరింగ్ లేదా బాల్ జాయింట్. పక్కలకు ఊపితే ఆడితే టై రాడ్ చివర. ఇరుసు బూట్లు చిరిగి గ్రీజు చిమ్మి ఉంటే బూటు మార్చండి. లైట్లు, ఇండికేటర్లు, బ్రేకు లైటు, హారను, వైపర్లు, అద్దాలు, సీటుబెల్టులు, నంబరు ప్లేటు తనిఖీలో చూసేవే. వెనక లైట్లు మసకగా వెలిగితే బల్బు మార్చే ముందు ఎర్త్ వైరు తుప్పు గీకి బిగించండి. ఉప్పుగాలిలో సగం రోగాలు ఎర్త్‌వే.

రోడ్డు మీదికి

థర్డ్ పార్టీ బీమా లేకుండా, రిజిస్ట్రేషన్ బతికి లేకుండా రోడ్డెక్కించొద్దు. అప్పటిదాకా పరీక్షంతా ప్రహరీ లోపలే. తనిఖీకి తీసుకెళ్లాల్సి వస్తే రికవరీ వాహనం మీద వేసుకెళ్లండి. పొల్యూషన్ పరీక్షలో 1998 నాటి పెట్రోలు కారుకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు, హైడ్రోకార్బన్లు 1,500 పీపీఎం దాటకూడదు. కార్బొరేటర్ సెట్టింగు బాగుంటే ఇది కష్టం కాదు. ఫాస్టాగ్ కూడా తీసుకోండి, 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారి టోల్ గేట్లలో తప్పనిసరి.

కాగితాలు చేతికొచ్చాక మొదటి రోజు ఊరి లోపల ఐదు కిలోమీటర్లు, నలభైకి మించని వేగంతో. ఇంటికొచ్చి ప్రతి చక్రం మధ్య భాగం మీద చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి, ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది. రెండో రోజు ఇరవై కిలోమీటర్లు. యాభై కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లు మళ్లీ బిగించండి, బ్రేక్ ఆయిల్ మట్టం చూడండి. ఐదు వందలు తిరిగాక ఇంజిన్ ఆయిల్ ఇంకోసారి మార్చండి, మొదటి ఆయిల్ లోపలి మడ్డినంతా కడిగి తెస్తుంది. ఆ తర్వాతే హైవే.

మేము మొదట ఒంగోలు దాకా వెళ్లొచ్చాం. అత్తయ్య ముందు సీట్లో కూర్చుని, దారిపొడుగునా మామయ్య ఎక్కడెక్కడ ఆపేవాడో చెబుతూ వచ్చింది. ఇంటికి చేరాక గేటు దగ్గర, ఆ గోడకు బారెడు దూరంలో బ్రేకు తొక్కాను. కారు అక్కడే నిలిచింది.